నాపబండల వ్యాపారానికి వెబ్‌సైట్: ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో తేల్చుకున్న పని

ఎర్రగుంట్ల దగ్గర నాపబండల కటింగ్, పాలిష్ యూనిట్ నడిపే ఒక కుటుంబానికి చేసిన వెబ్‌సైట్ పని ఇది. నేను కడపలో ఉంటూ సొంతంగా వెబ్ పనులు చేస్తాను. నా క్లయింట్లలో ఎక్కువ మంది ఈ చుట్టుపక్కల చిన్న వ్యాపారులే. ఈ పనిలో కోడ్ రాయడానికి పట్టిన సమయం తక్కువ. ఏది ఎవరి చేతిలో ఉందో వెతికి, దాన్ని యజమాని చేతికి తేవడానికే ఎక్కువ పట్టింది. చిన్న వ్యాపారాల సైట్లు మూతపడేది చాలావరకు ఇక్కడే. డిజైన్ బాగాలేదని ఆగిపోయిన సైటు నేను చూడలేదు. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియక ఆగిపోయినవి చాలా చూశాను.

ముందు వ్యాపారం గురించి కొంచెం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు దొరికే నల్ల, బూడిద రంగు నాపరాయి సున్నపురాయి జాతి. భూగర్భ శాస్త్రంలో దీన్ని కర్నూలు గ్రూప్‌లోని నార్జి సున్నపురాయి అంటారు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు కూడా ఈ సున్నపురాయే. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి బండలుగా లేస్తుంది. ఇళ్లలో నేలకు, మెట్లకు, వంటింటి గట్టుకు, అల్మారా అరలకు వాడతారు. వీళ్ల సరుకు మన జిల్లాలో కంటే బెంగళూరు, చెన్నై వైపే ఎక్కువగా పోతుంది. అంటే కొనేవాళ్లలో చాలామంది బండను కళ్లతో చూడకముందే ఫోన్లో చూస్తారు. వీళ్లకు వెబ్‌సైట్ అవసరం నిజంగా ఉంది.

మొదటిసారి మాట్లాడినప్పుడు యజమాని చెప్పింది ఒక్కటే. "సైటు ఉండాది అబ్బీ, మా చేతిలో లేదు. ఒక రేటు మార్చాలన్నా ఎవురికో ఫోన్ చేయాల. వాళ్లు ఎత్తరు."

కొత్త సైటు ఎలా ఉండాలన్న మాట నేను ఆ రోజు ఎత్తలేదు. ముందు ఒక పట్టిక వేశాను. ఏ పని మొదలుపెట్టినా నేను వాడే మొదటి పనిముట్టు ఇదే, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. డొమైన్ (సైటు చిరునామా పేరు), హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వర్ చోటు), కంపెనీ ఈమెయిల్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ బిజినెస్ నంబరు, బ్రోచర్ అసలు ఫైలు, ఫొటోల అసలు కాపీలు. ఒక్కోదాని ఎదురుగా మూడు గళ్లు: లాగిన్ ఏ ఈమెయిల్‌తో, ఓటీపీ ఎవరి ఫోన్‌కు, రెన్యువల్ ఎప్పుడు. బిల్లు ఎవరి పేరు మీదైనా ఉండనివ్వండి, ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో వాళ్లే ఆ వస్తువుకు అసలు యజమాని. పట్టిక పూర్తయ్యేసరికి తేలింది ఏమిటంటే, వాట్సాప్ నంబరు తప్ప ఒక్కటీ ఈ కుటుంబం చేతిలో లేదు. డొమైన్, హోస్టింగ్ పాత డెవలపర్ ఖాతాలో ఉన్నాయి. బిజినెస్ ప్రొఫైల్ ఒకప్పుడు మార్కెటింగ్ చేసిన కుర్రాడి జీమెయిల్‌లో ఉంది. బ్రోచర్ ఫైలు కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక డీటీపీ షాపు కంప్యూటర్లో ఉంది.

డొమైన్ వెనక్కి రావడం

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది డొమైన్. గడువు దగ్గరపడింది. డాట్ కామ్ పేరు గడువు దాటగానే పోదు. రిజిస్ట్రార్‌ను, అంటే పేరు అమ్మిన కంపెనీని బట్టి గరిష్ఠంగా 45 రోజుల వరకు మామూలు ధరకే రెన్యూ చేసుకునే వీలుంటుంది. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్ కాలం, అప్పుడు విడిపించుకోవాలంటే ఎక్కువ ఫీజు కట్టాలి. దాని మీద మరో 5 రోజులకు పేరు బయటికి వదిలేస్తారు, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఏళ్లుగా విజిటింగ్ కార్డుల మీద, లారీ బిల్లుల మీద, గేటు బోర్డు మీద ఉన్న పేరు అది. పోతే ఆ బోర్డులన్నీ వేరేవాళ్ల సైటుకు దారి చూపిస్తాయి.

పాత డెవలపర్ ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు, నంబరు మారింది. డొమైన్ ఎవరిదో చూపించే హూఈజ్‌లో వివరాలు ప్రైవసీ కింద దాచి ఉన్నాయి. చివరికి ఆ డీటీపీ షాపాయన ద్వారానే అతని కొత్త నంబరు దొరికింది. మాట్లాడితే వేరే కథ బయటపడింది. రెన్యువల్ డబ్బు వీళ్లు ఇవ్వకపోయినా, సైటు ఆగిపోకూడదని అతనే జేబులోంచి కట్టుకుంటూ వచ్చాడు. అడిగితే బాగుండదని అడగలేదు. ఫోన్లు ఎత్తకపోవడానికి కారణం కూడా అదే. తప్పంతా అతని మీద వేయడం న్యాయం కాదు. డొమైన్ తన ఖాతాలో కొనడం అప్పట్లో అందరూ చేసినదే, ఇప్పటికీ చాలామంది చేస్తున్నదే. యజమానికి విషయం చెప్పగానే, "పాపం, ఆ పిల్లోడి దుడ్లు మనకెందుకు" అని బాకీ మొత్తం ఫోన్‌పేలో పంపించాడు. అదే రోజు సాయంత్రం డొమైన్ లాక్ తీసి, దాన్ని వేరే ఖాతాకు మార్చుకోవడానికి కావాల్సిన ఆథ్ కోడ్ పంపాడతను.

ఆథ్ కోడ్ చేతికి రాగానే ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టకూడదు. ముందు, ఉన్న డీఎన్ఎస్ రికార్డులన్నీ (ఆ పేరుకు సైటు, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే వివరాలు) రాసిపెట్టుకోవాలి. ఆ రికార్డులను అందించే పాత ఖాతా నేమ్‌సర్వర్లు మూతపడితే సైటు ఒక్కటే కాదు, మెయిల్ కూడా ఆగిపోతుంది. వీళ్లకు కంపెనీ పేరు మీద ఒక ఈమెయిల్ ఉంది, ఆర్కిటెక్టుల ఆర్డర్లు దానికే వస్తాయి. అందుకని మెయిల్‌కు దారి చూపే ఎంఎక్స్ రికార్డులు, వెరిఫికేషన్ కోసం పెట్టిన టీఎక్స్‌టీ రికార్డులు అన్నీ కొత్త డీఎన్ఎస్‌లో ముందే ఎక్కించాను. పాత రికార్డుల టీటీఎల్‌ను (ఇతర సర్వర్లు రికార్డును గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించి, పాత విలువ గడువు తీరేదాకా ఆగి, ఆ తర్వాత నేమ్‌సర్వర్లు మార్చాం. ట్రాన్స్‌ఫర్ చివరి మెట్టు. డాట్ కామ్ ట్రాన్స్‌ఫర్‌తో గడువు ఒక ఏడాది పెరుగుతుంది కాబట్టి ఆ డబ్బు రెన్యువల్‌కే పడినట్టయింది.

కొత్త ఖాతాలన్నీ యజమాని పేరు మీద తెరిచిన ఒకే జీమెయిల్‌తో చేశాం. ఓటీపీ యజమాని ఫోన్‌కు వస్తుంది. రికవరీ నంబరు లెక్కలు చూసే ఆయన కోడలిది. పాస్‌వర్డులు బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉన్నాయి. టూ స్టెప్ బ్యాకప్ కోడ్లు కాగితం మీద ప్రింటు తీసి ఇంట్లో బీరువాలో పెట్టించాను. నా దగ్గర మేనేజర్ స్థాయి ప్రవేశం మాత్రమే ఉంది, దాన్ని వాళ్లు ఎప్పుడైనా ఒక్క బటన్‌తో తీసేయొచ్చు. ఎలా తీసేయాలో కూడా కోడలితో చేయించి చూపించాను. "నిన్ను తీసేసేది కూడా నువ్వే నేర్పిస్తాండావేం అన్నా" అంది ఆమె. నా పని ముగిశాక నా అవసరం లేకుండా సైటు నడవకపోతే ఆ పని సగమే అయినట్టు లెక్క.

బ్రోచర్‌లో బందీ అయిన తెలుగు

బండల రకాలు, కొలతలు, వాడకం గురించి చక్కటి తెలుగులో రాసిన 12 పేజీల బ్రోచర్ ఒకటి ఉంది. యజమాని తండ్రి హయాంలో ఆయనే చెప్పి రాయించినది. ఏ రాయి ఎండకు నిలుస్తుంది, ఏ మందం ఏ పనికి సరిపోతుంది, బండ మీద తేమ చారలు ఎందుకు వస్తాయి, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. కొత్తగా రాయించిన ఏ మాటా దానికి సాటిరాదు. కానీ అది పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంది.

ప్రింటింగ్ రంగంలో లేనివాళ్ల కోసం చెబుతాను. అను ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన స్థానాల్లో తెలుగు అక్షరపు ముక్కల బొమ్మలు ఉంటాయి. ఆ ఫాంట్ ఉన్న చోట తెలుగులా కనిపిస్తుంది. కాపీ చేసి వెబ్ పేజీలో అతికిస్తే అర్థం లేని గుర్తుల వరస వస్తుంది. గూగుల్‌కూ కనపడదు, చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కూ పనికిరాదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే పద్ధతిగా సంఖ్యలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే చోటుంది, అయినా మన ప్రింటింగ్ రంగంలో ఎన్నో ఏళ్ల తెలుగు ఇంకా ఇలాంటి ఫైళ్లలోనే ఉంది.

మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే మొత్తం టెక్స్ట్‌ను కన్వర్టర్‌లో పడేస్తే ఒక చిక్కు. బ్రోచర్‌లో తెలుగు మధ్యలో ఇంగ్లిష్‌లో రాసిన కొలతలు, ఫినిష్ పేర్లు ఉన్నాయి. మామూలు టెక్స్ట్‌గా తీస్తే ఏ ముక్క ఏ ఫాంట్‌లో ఉండేదో పోతుంది, అప్పుడు కన్వర్టర్ ఇంగ్లిష్‌ను కూడా తెలుగు ముక్కలుగా మార్చేస్తుంది. అందుకే డీటీపీ షాపాయనను అడిగి ఫైలును ఆర్‌టీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయించాను. ఆర్‌టీఎఫ్‌లో ప్రతి ముక్క పక్కన ఫాంట్ పేరు ఉంటుంది. పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసి, అను ఫాంట్ ఉన్న ముక్కల్ని మాత్రమే కన్వర్టర్‌కు పంపి, మిగతావి ముట్టుకోకుండా వదిలేశాను. అను వెర్షన్‌ను బట్టి అక్షరాల స్థానాలు మారతాయి కాబట్టి, షాపులో వాడిన వెర్షన్ ఏదో ముందే కనుక్కోవాలి.

ఇంత చేసినా వత్తుల దగ్గర తేడాలు మిగులుతాయి. కోడలు అచ్చు బ్రోచర్ చేతిలో పట్టుకుని గట్టిగా చదువుతుంటే నేను తెర మీద సరిచేస్తూ పోయాను. ఈ పనికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. ఆమె చదువుతుంటే యజమాని అక్కడక్కడా ఆపి, "ఆ సైజు ఇప్పుడు కోయడం లే" అని పాతబడిన వాటిని కొట్టేయించాడు. అలా ప్రూఫ్, అప్‌డేట్ రెండూ అయిపోయాయి.

వెబ్‌లో తెలుగు చూపించేటప్పుడు పాటించే రెండు విషయాలు ఇక్కడే చెప్పేస్తాను. ఒకటి, పేరాలకు ఏ వెబ్ ఫాంటూ దింపుకోలేదు. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మలా, ఆపిల్‌లో కోహినూర్ తెలుగు ఎలాగూ ఉన్నాయి. శీర్షికలకు మాత్రం రామభద్ర వాడాను, ఫైలు మన సర్వర్‌లోనే పెట్టాను. రెండోది లైన్ హైట్, అంటే వరుస ఎత్తు అక్షరం సైజుకు ఎన్ని రెట్లు ఉండాలన్నది. ఇంగ్లిష్ టెంప్లేట్లలో ఉండే 1.2, 1.3 తెలుగుకు చాలవు. 'ఎర్రగుంట్ల' అన్న ఒక్క పేరులోనే రెండు వత్తులు కిందికి దిగుతాయి. బటన్‌కు ఎత్తు బిగించి, మిగిలింది దాచేలా పెడితే అవి తెగిపోతాయి. పేరాలకు 1.7, శీర్షికలకు 1.4 పెట్టి, బటన్లకు స్థిరమైన ఎత్తు తీసేసి ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇచ్చాను.

కొనేవాళ్లు అడిగేది

పాత సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉండేది. బరువైన థీమ్, కదిలే స్లైడర్, ఏళ్లుగా అప్‌డేట్ కాని ప్లగిన్లు. వాటి సందుల్లోంచి ఎవరో దూరి వందల చెత్త పేజీలు పెట్టారు. దాన్ని బాగుచేసే ప్రయత్నం చేయలేదు. ఫొటోలు, పాత పేజీల చిరునామాలు తీసుకుని మిగతాది వదిలేశాను. పనికొచ్చే పాత చిరునామాలను 301తో కొత్త పేజీలకు మళ్లించి, చెత్త పేజీలకు 410 ఇచ్చాను, అంటే శాశ్వతంగా తీసేశామని గూగుల్‌కు చెప్పడం.

కొత్త సైటులో ఏముండాలో నిర్ణయించింది యజమాని వాట్సాప్. ఆయన అనుమతితో గత ఎంక్వైరీలు చదివాను. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: నా గదికి ఎంత పడుతుంది, లారీలో ఎంత వస్తుంది, రేటెంత, యాసిడ్‌తో కడగొచ్చా. సైటు మొత్తం ఈ నాలుగింటి చుట్టూ కట్టాను.

మొదటి రెండింటికి ఒక చిన్న లెక్కల పెట్టె ఉంది. గది పొడవు, వెడల్పు అడుగుల్లో కొట్టి, మందం ఎంచుకుంటే చదరపు అడుగులు, వేస్టేజీకి 10 శాతం కలిపిన మొత్తం, సుమారు బరువు వస్తాయి. బరువు లెక్క తేలికే. సున్నపురాయి ఘనపు మీటరుకు 2,600 నుంచి 2,700 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 20 మి.మీ. బండ చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు, 25 మి.మీ. అయితే 6 కిలోల పైన. 12 అడుగులకు 15 అడుగుల గది అంటే 180 చదరపు అడుగులు, వేస్టేజీతో 198. 20 మి.మీ. బండ అయితే ఇంచుమించు ఒక టన్ను. ఒక్క గదికి బెంగళూరుకు బండి మాట్లాడుకోవడం గిట్టుబాటు అవుతుందో కాదో కొనేవాళ్లకు అక్కడే అర్థమైపోతుంది. కింద ఉన్న వాట్సాప్ బటన్ నొక్కితే ఈ కొలతలన్నీ రాసి ఉన్న మెసేజ్ తయారుగా తెరుచుకుంటుంది, పంపడమే మిగులుతుంది.

రేటు దగ్గర మాత్రం చాలాసేపు వాదన జరిగింది. "రేటు పెడితే పక్కనోళ్లు సూస్తారు" అన్నాడు యజమాని. "పక్కనోళ్లకు మీ రేటు ఎట్లయినా తెలుసన్నా, తెలియంది కొనేవాళ్లకే" అన్నాను. చివరికి ఒక్కో రకానికి 'ఇంత నుంచి మొదలు' అని చూపించి, లోడింగ్, రవాణా వేరని రాసి, ఆ రేటు ఏ తేదీన మార్చారో పక్కనే పెట్టడానికి ఒప్పుకున్నాడు. తేదీ ముఖ్యం. తేదీ లేని రేటును ఎవరూ నమ్మరు, పాత తేదీ ఉన్న రేటును చూసి ఫోన్ చేసి అడుగుతారు. రెండోదే వ్యాపారానికి మేలు.

యాసిడ్ ప్రశ్నకు జవాబు సూటిగా రాశాం. ఇది సున్నపురాయి. బాత్రూం కడిగే యాసిడ్ పడితే పాలిష్ పోతుంది. నిమ్మరసం, వెనిగర్, చింతపండు పులుసు వెంటనే తుడవకపోతే మచ్చ పడుతుంది. నీళ్లతో, ఘాటు లేని సబ్బుతో తుడవాలి. అమ్మే సైటులో ఇది రాస్తే కొనరేమోనని కోడలు సందేహపడింది. యజమాని మాత్రం, "కొన్నాక తిట్టించుకునేదానికంటే ముందే చెప్పేది మేలు" అని రాయమన్నాడు. ఇప్పుడు ప్రతి బిల్లుతో పాటు ఆ పేజీ లింకు పంపుతున్నారు.

వెతికేవాళ్ల కోసం ఒక చిన్న జాగ్రత్త. ఇంగ్లిష్‌లో కడప స్పెల్లింగ్ 2005లో మారినా, బయటి రాష్ట్రాల్లో రాయి కొనేవాళ్లు పాత స్పెల్లింగ్‌తోనే వెతుకుతారు. ఇంగ్లిష్ పేజీ టైటిల్‌లో, వివరణలో రెండూ పెట్టాను.

రేట్లు మార్చేది ఎవరు

సైటును ఎలెవెంటీ అనే పనిముట్టుతో స్టాటిక్ పేజీలుగా (ముందే తయారై ఉండే ఫైళ్లుగా) కట్టి, ఉచిత ప్లాన్‌లో క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అనే హోస్టింగ్ మీద పెట్టాను. డేటాబేస్ లేదు, లాగిన్ పేజీ లేదు కాబట్టి దూరడానికి సందు తక్కువ. మరి రేటు మారితే? అందుకు గూగుల్ షీట్. బండ రకం, మందం, సైజు, రేటు, తేదీ, స్టాకు ఉందా లేదా. కోడలు ఫోన్లోనే షీట్ యాప్‌లో మారుస్తుంది. రోజూ తెల్లవారుజామున గిట్‌హబ్ యాక్షన్స్ అనే ఆటోమేటిక్ సేవ ఆ షీట్‌ను చదివి పేజీలు మళ్లీ తయారుచేస్తుంది.

ఇందులో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది తప్పులు పట్టుకునే భాగం మీద. మనుషులు రేటు గడిలో 48 అనీ రాస్తారు, 48/- అనీ రాస్తారు, 48 రూ. అనీ రాస్తారు. ఈ మూడూ స్క్రిప్టుకు అర్థమవుతాయి. గడి ఖాళీగా ఉన్నా, రేటు పాతదానికి సగం కంటే తగ్గినా, రెట్టింపు దాటినా పేజీలు తయారుకావు. నిన్నటి సైటు అలాగే ఉండి, ఏ వరుసలో ఏ గడి తేడాగా ఉందో తెలుగులో రాసిన మెయిల్ కోడలికి వెళ్తుంది. ఇంగ్లిష్‌లో వచ్చే ఎర్రర్ మెసేజ్ ఆమెకు అందినా ఉపయోగం లేదు. అది చదవడానికి మళ్లీ నాకే ఫోన్ చేయాల్సి వస్తుంది.

ఫొటోలు త్వరగానే అయిపోయాయి. నల్లటి పాలిష్ బండను ఎండలో తీస్తే ఆకాశం ప్రతిబింబం పడుతుంది, ఫోన్ కెమెరా నలుపును బూడిదగా చూపిస్తుంది. షెడ్డు నీడలో, ఎక్స్‌పోజర్ తగ్గించి, పాలిష్ లేని బండలను సగం తడిపి తీయించాను. పొడి రంగు, తడి రంగు రెండూ ఒకే ఫొటోలో కనిపిస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమన్నాను. వాటిని తక్కువ సైజులో ఉండే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి, మూడు వెడల్పుల్లో పెట్టి, ప్రతిదానికీ కొలతలు ముందే రాశాను, లోడ్ అయ్యేటప్పుడు పేజీ ఎగిరిపడకుండా.

పరీక్ష చేసేది నా ల్యాప్‌టాప్‌లో కాదు. 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఈ పనికే ఉంచుకున్నాను. యూఎస్‌బీతో కలిపి క్రోమ్ డెవ్‌టూల్స్‌లో రిమోట్ డీబగ్గింగ్ పెడితే ఆ ఫోన్లో ఏది ఆలస్యమవుతోందో అంతా కనిపిస్తుంది. పేజీలో పెద్ద భాగం కనపడడానికి గూగుల్ మంచిదని చెప్పే హద్దు 2.5 సెకన్లు. పాత సైటు ఆ ఫోన్లో, సిగ్నల్ బలహీనంగా ఉండే క్వారీ దారిలో, స్లైడర్ దాకా కూడా వచ్చేది కాదు. కొత్తది అక్కడే హద్దు లోపల తెరుచుకుంటోంది. ఇందులో నా గొప్ప పెద్దగా లేదు, తీసేసిన వాటి వల్ల వచ్చిన వేగం అది.

డబ్బు విషయం క్లుప్తంగా. మొత్తం 38,000 రూపాయలు మాట్లాడుకున్నాం. 40 శాతం అడ్వాన్సు, నమూనా చూపించాక 40, ఖాతాలన్నీ అప్పగించి పట్టికలో సంతకం పెట్టించుకున్నాక 20. ఏడాది నిర్వహణకు వేరే మొత్తం, అది వద్దనుకుంటే సైటు ఆగదని ఒప్పందంలోనే రాశాను. డొమైన్ రెన్యువల్ వాళ్ల కార్డు నుంచే పోతుంది.

సైటు మొదలయ్యాక వచ్చే ఎంక్వైరీల తీరు మారింది. 'రేటెంత' అన్న ఒక్క మాటకు బదులు గది కొలతలు, మందం, ఊరు రాసిన మెసేజ్‌లు వస్తున్నాయి. కోడలు వాటికి నేరుగా కొటేషన్ పంపుతోంది. అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. పాత చిరునామా, పాత ఫోన్ నంబరు ఉన్న డైరెక్టరీ సైట్లు ఇంకా కొన్ని ఉన్నాయి, ఒక్కోదానికీ రాసి మార్పించాలి. బిజినెస్ ప్రొఫైల్ యాజమాన్యం గూగుల్‌కు అభ్యర్థన పెట్టి తెచ్చుకున్నాం, కానీ అందులో పాత యూనిట్ ఫొటోలే ముందు కనిపిస్తున్నాయి. బెంగళూరు ఆర్కిటెక్టులు శాంపిల్ ముక్కలు అడుగుతున్నారు, కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు.

తర్వాతి పని కన్నడ పేజీ. బళ్లారి, బెంగళూరు వైపు మేస్త్రీలు కన్నడలో ఉంటే చూస్తామని అడుగుతున్నారు. షీట్‌లో కన్నడ పేర్లకు ఒక కాలమ్ కలిపాను. రేట్ల గడి మూడు భాషలకూ ఒకటే కాబట్టి ఒక చోట మారిస్తే అన్ని పేజీల్లో మారుతుంది. యాసిడ్ పేజీని ముందు కన్నడలోకి రాయించమని యజమాని చెప్పాడు, అది రాగానే ఎక్కిస్తాను.